మనవాళ్ళకి నేర్పిన కివీ మాటలు

న్యూజిలాండ్ వాడు ‘నాట్ ఐడియల్’ అన్నాడంటే కొంప మునిగిందని అర్థం. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. వైజాగ్ నుంచి వచ్చిన నలుగురికి మాత్రం పది నిమిషాల్లో చెప్పేశాను. అదీ ఇంటి దగ్గర ఉప్మా చేసి తీసుకెళ్ళి, ప్లేట్లలో పెట్టి మరీ చెప్పాను. ఆ ఉప్మా తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆఫీసు దుబాయ్‌లో, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్ పైన ఉండేది. కింద పాలు పితికే యంత్రాల విడిభాగాలు, అంటే రబ్బరు గొట్టాలు, పంపులు, వాల్వులు ఉండేవి. పైన తలకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మేము ఏడుగురం. న్యూజిలాండ్‌లో పాడి రైతులకి ఈ సామాన్లు అమ్మే షాపుల వాళ్ళు మాకు ఫోన్ చేసి ఆర్డర్లు చెప్పేవారు. వాళ్ళ మధ్యాహ్న భోజనాల వేళకి మాకు తెల్లవారేది. అందుకని రోజూ సూర్యుడికన్నా ముందే కంపెనీ వ్యాను మా బిల్డింగ్ కిందికి వచ్చి ఆగేది.

కరోనా ఏడాది మావారి ఉద్యోగం పోయింది. ఎగ్జిబిషన్లకి స్టాళ్ళు వేసే కంపెనీలో అకౌంటెంటు ఆయన. ఎగ్జిబిషన్లే లేకపోతే ఇక అకౌంటెంటుతో ఏం పని? మరుసటి ఏడాది నాకు ఈ ఉద్యోగం దొరికింది. అప్పటి నుంచి మావారి వీసా, మా అమ్మాయి వీసా రెండూ నా వీసా మీదే నడిచాయి. ఆయనకి రాస్ అల్ ఖైమాలో ఒక టైల్స్ గోడౌన్‌లో చిన్న పని దొరికింది, వారమంతా అక్కడే ఉండేవారు. కానీ అది ఉంటుందో ఊడుతుందో తెలియని పని. నా కుర్చీ కదిలితే ఇల్లు మొత్తం కదులుతుంది. ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికీ తెలుసు, మా మేనేజరుకీ తెలుసు.

చేరిన కొత్తలో నాకు ఫోనంటే భయం. కాకినాడలో ఇంగ్లీషు మీడియం చదివాను. దుబాయ్‌లో ఏళ్ళ తరబడి అరబ్బులతో, పాకిస్తానీలతో, ఫిలిప్పీన్ వాళ్ళతో నెగ్గుకొచ్చాను. ఈ కివీల ముందు, అంటే న్యూజిలాండ్ వాళ్ళ ముందు మాత్రం నా ఇంగ్లీషు నీరుగారిపోయింది. పంపు ‘మంటెడ్’ అంటాడొకడు, అంటే తుక్కయిపోయిందని. మేము ‘ఫ్లాట్ అవుట్’ అంటాడు ఇంకొకడు, అంటే పనితో ఊపిరాడటం లేదని. ‘యా, నా’ అని ఔననీ కాదనీ ఒకే గుక్కలో అంటారు. అది కాదనడమే, కాకపోతే మన మనసు నొచ్చుకోకుండా అనడం.

నాకు ఇదంతా నేర్పింది ఒక ముసలాయన. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఎక్కడో ఆయన షాపు. ఆ ఊరిని ఆయనే ‘వాప్ వాప్స్’ అనేవారు. లోకానికి దూరంగా విసిరేసినట్టుండే చోటు అని. నేను అర్థంకాక నీళ్ళు నములుతుంటే విసుక్కోకుండా ఆ మాట విడమరిచి చెప్పి, మర్నాడు ఫోన్ చేసినప్పుడు పాఠం అప్పజెప్పించుకునేవారు. ఒంట్లో బాగోలేకపోతే ‘క్రూక్’. టీ విరామం ‘స్మోకో’. హవాయి చెప్పులు ‘జాండల్స్’. ఇక్కడ మనం బకాలా అనే వీధి కొట్టుని అక్కడ ‘డెయిరీ’ అంటారు. అన్నీ సవ్యంగా ఉంటే ‘స్వీట్ యాజ్’. దేనంత తీపి అండీ అని అడిగితే, అక్కడితో ఆపేయాలి, అంతే అన్నారు. నన్ను ‘దుబాయ్‌లో ఉన్న మన పిల్ల’ అని పిలిచేవారు. నలభై దాటినదాన్ని పిల్ల అంటే ఎవరికి బాగోదు చెప్పండి.

మాటలదేముంది, ఫోన్‌లో వెతికితే ఎవరికైనా దొరుకుతాయి. ఎప్పుడంటారు, ఏ గొంతుతో అంటారు అన్నదే అసలు విద్య. కివీలు దేన్నీ ఉన్నంత చెప్పరు. అద్భుతంగా ఉంటే ‘నాట్ బ్యాడ్’ అంటారు. షెడ్డులో యంత్రాలన్నీ ఆగిపోయి, పొదుగులు బిగిసిన ఆవులు అరుస్తుంటే ‘కాస్త ఇబ్బందిగా ఉంది’ అంటారు. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని కాబట్టి ఇది నాకు తొందరగానే పట్టుబడింది. ‘అబ్బో, మహా బాగా వండావులే’ అంటే కూర మాడిందని మాకు వేరే చెప్పాలా? మిగతా వాళ్ళు ఆ ‘కాస్త ఇబ్బంది’ని మామూలు ఆర్డర్లలో వేసేవారు, నేను అదే రోజు విమానంలో పంపించేదాన్ని. ఏడాది తిరిగేసరికి షాపుల వాళ్ళు నా పేరు చెప్పి మరీ లైను అడగడం మొదలుపెట్టారు. పక్క సీట్లో కేరళ ఆవిడ, ఎదురుగా ఫిలిప్పీన్ ఆవిడ ఎంత అడిగినా నా కిటుకులు చెప్పలేదు. వాళ్ళవి వాళ్ళూ నాకు చెప్పలేదు. ఉద్యోగం చేసే చోట అందరూ అంతే.

మా మేనేజరు కూడా న్యూజిలాండ్ వాడే. సర్ అనొద్దు, పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పాడు. నాకు నోరు తిరగక బాస్ అని సరిపెట్టుకున్నాను. నిక్కరు వేసుకుని ఆఫీసుకి వచ్చేవాడు. స్మోకోలో మాతోపాటు కాగితం కప్పులో కరక్ చాయ్ తాగేవాడు. ఎవరి పిల్లలకి ఎప్పుడు పరీక్షలో గుర్తుపెట్టుకుని అడిగేవాడు. ఇక్కడ మేనేజరుని ముదీర్ అంటారు. ముదీర్ అంటే తలుపు వేసుకుని కూర్చునే మనిషని అలవాటైపోయిన మాకు ఆ మనిషి ఒక వింత. డిసెంబర్‌లో తన విల్లాలో పార్టీ పెట్టి ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అనేవాడు. వాళ్ళ దేశంలో అలా అంటే ఏదైనా వండుకుని రమ్మని. నేను పులిహోర తీసుకెళ్ళేదాన్ని. రెండోసారి వడ్డించుకుని ‘నాట్ బ్యాడ్’ అనేవాడు. దానికే నేను పొంగిపోయేదాన్ని.

2023 జూన్‌లో ఒక రోజు ఆయన నన్ను పక్కకి పిలిచాడు. వైజాగ్ నుంచి నలుగురు విజిటర్స్ వస్తున్నారు, మూడు వారాలుంటారు, నువ్వే చూసుకోవాలి అన్నాడు. ఆగస్టులో అక్కడ ఆవులు ఈనే కాలం, ఫోన్లు ఆగవు. అప్పుడు వాళ్ళు వైజాగ్ నుంచే మాకు సాయం చేస్తారట.

“మీ భాష వాళ్ళే కదా, మా మాటలన్నీ నువ్వైతేనే బాగా నేర్పగలవు,” అన్నాడు.

నేను మరీ అంత అమాయకురాలిని కాదు. మొహం మీదే అడిగాను. “బాస్, నా కుర్చీకేమీ కాదు కదా? మా ఇంట్లో ముగ్గురం ఆ కుర్చీ మీదే ఉన్నాం.”

“షి’ల్ బి రైట్, మేట్,” అని బొటనవేలు ఎత్తి చూపించి నవ్వాడు.

నా గుండె కుదుటపడింది. ఇంటికెళ్ళి మావారికి కూడా అదే చెప్పాను. ఆయన ఫోన్‌లో అంతా విని, “అయితే సరే, వచ్చే టర్ముకి అమ్మాయి స్కూల్ బస్సుకి కూడా డబ్బు కట్టేద్దాం,” అన్నారు.

వచ్చిన నలుగురిలో ఒకడు టీమ్ లీడ్, ముప్ఫై ఏళ్ళుంటాయి. మిగతా ముగ్గురూ ఇంకా చిన్నవాళ్ళు. అందులో ఒక ఆడపిల్ల, విమానం ఎక్కడం అదే మొదటిసారి. సన్నగా, పెద్ద కళ్ళతో, ఏది చూసినా నోరు తెరిచేది. మొదటి రోజు వ్యాను ఎక్కేటప్పుడే వాళ్ళ తెలుగు విని మా డ్రైవరు వెనక్కి తిరిగాడు. జగిత్యాల వైపు మనిషి, చాలా ఏళ్ళుగా ఇక్కడే బండి నడుపుతున్నాడు.

“మనోళ్ళేనా మేడం?”

“ఆ, వైజాగ్ వాళ్ళు.”

“అరే, మంచిగైంది. ఈ బండిల తెలుగు మాట్లాడేటోళ్ళు మనిద్దరమే ఉంటిమి. యల్లా, ఎక్కుండ్రి తమ్మీ, ఏసీ పెంచుత.”

ఆ పిల్ల నా పక్కన కూర్చుని మేడం, మేడం అంటుంటే నాకే బాగోలేదు. “మేడం ఏంటమ్మా, అక్కా అను,” అన్నాను. నా అంతట నేనే అన్నాను.

రోజూ స్మోకో గదిలో వాళ్ళకి పాఠం. మొదటి రోజు ఉప్మా తిన్నాక టీమ్ లీడ్ తన ఫోన్ బల్ల మీద పెట్టి, “రికార్డ్ చేసుకుంటాం మేడం, తర్వాత వినడానికి. ఏమీ అనుకోరు కదా?” అన్నాడు. ఎందుకనుకుంటాను? ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను. గొంతు సవరించుకుని మరీ మొదలుపెట్టాను.

కేరళ ఆవిడకి రెండేళ్ళలో చెప్పనివి వీళ్ళకి రెండు రోజుల్లో చెప్పాను. తెలుగులో చెప్పడంలో ఉన్న సుఖం అది. గోడౌన్ నిండిపోతే ‘చొక్కా’ అంటారంటే నలుగురూ పడీపడీ నవ్వారు. “అయితే మన చొక్కా చిరిగితే ఏమంటారక్కా?” అంది ఆ పిల్ల. మా డ్రైవరు ట్రాఫిక్ తప్పించుకుంటానని ఊరంతా తిప్పి తీసుకొస్తాడే, దాన్ని ‘టీకీ టూర్’ అంటారని చెప్పాను. అలిగి మూతి ముడుచుకుంటే ‘ప్యాక్ ఎ శాడ్’. అది వినగానే ముగ్గురూ టీమ్ లీడ్ వైపు చూసి కిసుక్కుమన్నారు.

“మరి షి’ల్ బి రైట్ అంటే అక్కా? మీ బాస్ మాటకి ముందు అదే అంటున్నారు,” అంది ఆ పిల్ల.

“అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సిన మాట అదేనమ్మా. ‘ఏం పర్లేదు, అదే సర్దుకుంటుంది’ అని. అంటే ఆ మాటన్న మనిషి దాని గురించి ఇంక ఏమీ చెయ్యడని. అది విని మనం నిశ్చింతగా కూర్చోకూడదు.”

ముగ్గురూ తలూపారు. ఆ పిల్ల మాత్రం ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తల దించుకుంది. అర్థమైంది కాబోలు అనుకున్నాను. నా నోటితో నేను చెప్పిన మాట నా చెవికి మాత్రం ఎక్కలేదు.

రెండో ఆదివారం వాళ్ళని భోజనానికి పిలిచాను. మగపిల్లలు బుర్జ్ ఖలీఫా చూడటానికి వెళ్ళిపోయారు, ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. చేతిలో పళ్ళెం, దాని మీద వెండిరేకు కప్పిన కాజాలు. “బ్రింగ్ ఎ ప్లేట్ అన్నారు కదక్కా,” అని నవ్వింది. మా అమ్మాయికి ఆ నవ్వు ఎంత నచ్చిందో, తన గదిలోకి ఎవరినీ రానివ్వనిది చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తను గీసిన బొమ్మలన్నీ చూపించింది.

ఆ రోజు వంజరం చేప తెచ్చాను. ఇక్కడ చేపల మార్కెట్‌లో వాళ్ళే కోసి శుభ్రం చేసి ఇస్తారు కానీ నాకు నచ్చదు, పైపైన చేసి పారేస్తారు. కాకినాడ నుంచి సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్న కత్తిపీట ఉంది నాకు. వంటింట్లో దాన్ని వేసుకుని కూర్చుంటే ఆ పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది.

“నాకు చేప కడగడం రాదక్కా.”

“వైజాగ్ పిల్లవై ఉండి చేప కడగడం రాదా? సిగ్గులేదూ. రా, ఇలా పట్టుకో.”

దాని చెయ్యి పట్టుకుని పొట్ట చీరించాను. వేళ్ళు లోపలికి పోనిచ్చి ఉన్నదంతా లాగించాను. మొహం చిట్లించి, “అయ్యో, లోపల ఏమీ మిగల్లేదక్కా,” అంది. “మిగలకూడదు. మిగిలితే చేదెక్కుతుంది. ఇప్పుడు ఉప్పూ పసుపూ వేసి కడుగు,” అన్నాను.

పులుసు ఉడుకుతుంటే గట్టు మీద చేరబడి అడిగింది. “అక్కా, ఆ ముసలాయన రోజూ ఒకేలా మాట్లాడతారు కదా. కోపం వస్తే మీకెలా తెలుస్తుంది?”

ఆ ఒక్కటీ నేను ఎవరికీ చెప్పలేదు. మేనేజరు అడిగినా నవ్వి ఊరుకున్నాను. ఆ సౌత్ వైపు పాతకాలం వాళ్ళు ఫోన్ పెట్టేసేటప్పుడు బై అనరు, ‘హూరే’ అంటారు. ఆయన ‘హూరే’ అని పెడితే అంతా బాగున్నట్టు. అది అనకుండా పెట్టేశారంటే మనవల్ల ఏదో తప్పు జరిగింది, అడిగినా చెప్పరు, మనమే వెతికి సరిచెయ్యాలి. లేకపోతే మరో కంపెనీకి పోతారు. ఆయనొక్కరే కాదు, ఆ ప్రాంతం షాపులన్నీ ఆయన మాట మీదే నడుస్తాయి. ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చెప్పి పులుసులో ముక్క తీసి దాని పళ్ళెంలో వేశాను.

మర్నాడు ముసలాయన ఫోన్ వస్తే దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో మా చెల్లెలు అని పరిచయం చేశాను. మన పిల్ల చెల్లెలంటే ఇదీ మన పిల్లే అన్నారాయన. పెట్టేస్తూ ఇద్దరికీ చెరొక ‘హూరే’ చెప్పారు.

వెళ్ళే ముందు రోజు మళ్ళీ ఇంటికి తీసుకొచ్చాను. మన ఇంటికొచ్చిన ఆడపిల్లని ఉత్తినే పంపుతామా? బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, పళ్ళు, తమలపాకులు చేతిలో పెట్టాను. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దని లేవదీశాను. అమ్మ గుర్తొచ్చిందేమో అనుకున్నాను.

“ఏడవకమ్మా. సీజన్‌లో రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటాంగా.”

“అక్కా…” అని ఆగింది. మళ్ళీ, “మీరు చాలా మంచివాళ్ళక్కా,” అంది. అంతే.

జూలై నడుమ ఒక ఉదయం మా ఏడుగురినీ మీటింగ్ గదిలోకి పిలిచారు. ఆ రోజు మేనేజరు ప్యాంటు వేసుకుని వచ్చాడు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు. తెర మీద హెడ్డాఫీసు నుంచి ఎవరో ఆవిడ కూర్చుని ఉంది. ఫోన్ల పని మొత్తం వైజాగ్‌కి మారిపోతోంది, ఈ నెలాఖరుతో మా సీట్లు ఉండవు. మేనేజరు పుస్తకంలో ఉండేలాంటి శుభ్రమైన ఇంగ్లీషులో మాట్లాడాడు. మీటింగ్ అయ్యేదాకా ఒక్క కివీ మాట ఆ నోటి నుంచి రాలేదు. చివర్లో నా వైపు తిరిగి, నువ్వు అంత బాగా నేర్పబట్టే మార్పు ఇంత సాఫీగా జరుగుతోంది, థాంక్యూ అన్నాడు.

నేను ఒక్కటే అడిగాను. “వాళ్ళకి తెలుసా?”

“తెలియకేం? వాళ్ళని తీసుకున్నదే అందుకు,” అన్నాడు.

బయటికొచ్చాక కేరళ ఆవిడ నా పక్క నుంచే వెళుతూ ఆగింది. “యువర్ పీపుల్,” అంది. నీ వాళ్ళు అని. ఫిలిప్పీన్ ఆవిడ నా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. వాళ్ళ కళ్ళకి ఇదంతా ముందే తెలిసి, మావాళ్ళ కోసం వాళ్ళని ముంచినదాన్ని నేను. కాదని ఎలా చెప్పను? మూడు వారాలు వాళ్ళకి అర్థంకాని భాషలో నవ్వుతూ ఆ గదిలో కూర్చున్నది నేనే కదా.

తిరిగి వెళ్ళేటప్పుడు మా బిల్డింగ్ దగ్గర దిగుతుంటే డ్రైవరు గొంతు తగ్గించి అడిగాడు.

“మీ సీటు ఖలాసా మేడం?”

“ఖలాస్.”

“ఆళ్ళు మనోళ్ళే గదా మేడం!”

“ఆ. మనోళ్ళే.”

మేనేజరు మీద నాకున్నది ఒట్టి కోపం. అతను మేనేజరు, తన కుర్చీ తను చూసుకున్నాడు, సిగ్గులేని మనిషి అని తిట్టుకుంటే కొంత తీరింది. ఆ పిల్ల సంగతి అలా కాదు. నన్ను నమ్మించి గొంతు కోసింది. కాదు, నేనే పిలిచి కత్తిపీట ముందు కూర్చోబెట్టుకున్నాను. కొత్త ఉద్యోగం, చెప్పొద్దని చెప్పి ఉంటారు, ఇంట్లో ఏం అవసరమో అని నాకు నేను ఎంత నచ్చజెప్పుకున్నా, ఆ పులుసు గిన్నె ముందు నిలబడి దానంతట అది అడిగిన ప్రశ్న దగ్గరికొచ్చి ఆగిపోయేదాన్ని. అది ఎవరూ అడగమని పంపిన ప్రశ్న కాదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. ‘నీకు ముందే తెలుసా?’ అని మెసేజ్ పెట్టాను. చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు.

మావారు రాస్ అల్ ఖైమాలో తన ముదీర్ దగ్గరికెళ్ళి బతిమాలుకున్నారు. అదృష్టం, వీసా ఇస్తానన్నాడు. కానీ కాపురం అక్కడికి మార్చాలి, ఒకే గది ఇల్లు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సెలవుల తర్వాత పాత స్కూలుకి వెళ్ళనని తెలిసి రెండు రోజులు అన్నం మానేసింది. మూడో రోజు, “ఆ అక్కకి నా బొమ్మలు ఎందుకు చూపించనిచ్చావమ్మా?” అంది.

ఆగస్టు చివర్లో సామాను సర్దుతున్నాను. వంటింటి డబ్బాలు కట్టేశాను, నేల మీద కూర్చుని కత్తిపీటని పాత లుంగీలో చుడుతున్నాను. ఫోన్ మోగింది. ఆ పిల్ల నుంచి వాయిస్ మెసేజ్. వింటే వెనక ఫోన్ల రొద వినిపిస్తోంది. సీజన్ మొదలైపోయింది.

“అక్కా, బాగున్నారా? సారీ అక్కా, అప్పుడు ఫోన్ ఎత్తలేకపోయాను. తెలుసక్కా, రాకముందే చెప్పారు. చెప్తే ఉద్యోగం ఉండదన్నారు. రోజూ మిమ్మల్నే తలుచుకుంటామక్కా, కొత్త బ్యాచ్ వాళ్ళకి మీ వాయిసే వినిపిస్తున్నాం. అదీ… ఒక చిన్న డౌటక్కా. ముసలాయన రోజూ మీ గురించే అడుగుతున్నారు. సెలవు మీద ఉన్నారని చెప్తూ వచ్చాను. నిన్న ఇంక లాభం లేక మీరు మానేశారని చెప్పాను. ‘ఐయామ్ గటెడ్’ అన్నారు. హూరే కూడా అనకుండా పెట్టేశారు. దాన్ని కంప్లైంట్ కింద రాయాలా వద్దా అని మా లీడ్ అడుగుతున్నాడు. గటెడ్ అంటే ఏంటక్కా?”

మానేశానట. గటెడ్ అన్న మాట గూగుల్‌లో కొడితే వస్తుంది. అయినా నన్నే అడిగింది, అడిగితే చెప్తానని దానికి అంత నమ్మకం. నేను వాళ్ళకి నేర్పకుండా మిగిలిపోయిన మాట అదొక్కటే అనుకుంటాను. మిగతా షాపుల వాళ్ళు అనగా విన్నాను కానీ, ముసలాయనతో మాట్లాడిన రెండేళ్ళలో ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆయనకి అంత అవసరం ఎప్పుడూ రాలేదు.

తిట్టాలనిపించింది. నోటికొచ్చినవన్నీ టైపు చేశాను. తప్పు అర్థం చెప్పాలని కూడా అనిపించింది. మహా సంతోషంగా ఉందని అర్థం, ఆయనకి కంగ్రాట్స్ చెప్పు అని రాసి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. చెరిపేశాను. అక్కడ ఆ ముసలాయన ఏం పాపం చేశాడు? ఒళ్ళో కత్తిపీట అలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టి నిదానంగా రాశాను.

‘కంప్లైంట్ కాదు. అలా రాయొద్దు. నువ్వు మా ఇంట్లో చేప శుభ్రం చేశావు కదా. పొట్ట చీరి లోపలిదంతా లాగేశాక, ఏమీ మిగల్లేదక్కా అన్నావు. గటెడ్ అంటే అది.’

నీలం గీతలు పడ్డాయి. పైన టైపింగ్ అని వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. ఇప్పటికైనా ఒక్క మాట అంటుందనుకున్నాను.

‘ఓకే అక్కా, స్వీట్ యాజ్,’ అని వచ్చింది.

సరిగ్గానే వాడింది.